రాతినార ధూళి: ఊపిరితిత్తుల నుంచి గుండె దాకా

ఆస్బెస్టాస్ పుట్టుకకు రాయే అయినా, నలిపితే పీచులా విడిపోతుంది. అందుకే తెలుగులో దానికి రాతినార అని పేరు. అది నిప్పుకు కాలదు, నీటికి కుళ్లదు, తుప్పు పట్టదు. నూలులా వడికి బట్ట నేయవచ్చు, సిమెంటులో కలిపి రేకులు పోయవచ్చు. చవకగా దొరికే ఈ ఖనిజాన్ని ఇరవయ్యో శతాబ్దమంతా బాయిలర్ల చుట్టూ కప్పారు, బ్రేకులకు అతికించారు, ఇళ్ల మీద పరిచారు. అయితే కాలకుండా, కుళ్లకుండా నిలిచే ఆ గుణమే ఊపిరితిత్తుల్లోకి చేరాక మనిషికి శాపమవుతుంది. ఒంట్లో పడ్డ పీచును శరీరం అరిగించుకోలేదు, చాలావరకు బయటికి నెట్టలేదు కూడా.

రాతినారలో తెలుపు, నీలం, గోధుమ రంగు రకాలు ప్రధానమైనవి. నీలం, గోధుమ రకాల పీచు సూదుల్లా నిటారుగా ఉండి ఊపిరితిత్తుల్లో ఎక్కువ కాలం నిలుస్తుంది. తెల్ల రకం మెలికలు తిరిగి ఉంటుంది. ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల ప్రాంతపు గనుల్లో తవ్వింది ఈ తెల్ల రకాన్నే. అన్ని రకాలూ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది.

ధూళి చేరే దారి

గనిలో రాయి పగలగొట్టేవారు, మిల్లులో పీచు విడదీసేవారు, రేకుల ఫ్యాక్టరీలో సంచులు విప్పి పీచును సిమెంటులో కలిపేవారు, పాత బాయిలర్ల పూత ఊడదీసేవారు, ఓడలు విరగ్గొట్టేవారు ఈ ధూళికి ఎక్కువగా గురవుతారు. చెక్కుచెదరని సిమెంటు రేకు కింద కూర్చున్నంత మాత్రాన పెద్దగా ప్రమాదం ఉండదు, పీచు సిమెంటులో బిగుసుకుని ఉంటుంది కాబట్టి. అదే రేకును గ్రైండరుతో కోసినప్పుడు ధూళి తెల్లగా పొగలా లేస్తుంది. మేస్త్రీ ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటాడు, పని అయ్యాక చొక్కా దులుపుకుంటాడు. కంటికి కనిపించే దుమ్ము కాసేపటికి నేలకు దిగుతుంది. కనిపించనంత సన్నని పీచు మాత్రం గంటల తరబడి గాలిలోనే తేలుతుంది. తువ్వాలు దాన్ని ఆపలేదు. చొక్కా ఇంటికి వెళ్తే దాన్ని ఉతికే మనిషికీ ఆ ధూళి చేరుతుంది.

ఊపిరితిత్తుల చివర ఉండే గాలి గదుల్లో ధూళిని మింగి శుభ్రం చేసే కణాలు కాపలా కాస్తుంటాయి. రాతినార పీచు చాలాసార్లు ఆ కణం కన్నా పొడుగ్గా ఉంటుంది. మింగబోయిన కణం మింగలేక చనిపోతూ, తనలోని ఘాటైన రసాయనాలను చుట్టూ వదిలేస్తుంది. అక్కడ వాపు వస్తుంది, వాపు మానినచోట మచ్చ కడుతుంది. పీచు అక్కడే ఉంటుంది గనుక ఈ తంతు మళ్లీ మళ్లీ జరుగుతుంది. స్పాంజిలా సాగాల్సిన ఊపిరితిత్తి ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. ఈ జబ్బే ఆస్బెస్టోసిస్.

ఇది బయటపడటానికి సాధారణంగా 10 నుంచి 20 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదట మెట్లెక్కితే ఆయాసం, తర్వాత చదును నేల మీద నడిచినా ఆయాసం, పొడి దగ్గు. కొందరికి వేళ్ల కొసలు ఉబ్బుతాయి. వీపు కింది భాగంలో స్టెతస్కోపు పెట్టి గట్టిగా గాలి పీల్చమంటే, చెప్పుల వెల్‌క్రో పట్టీ ఊడదీసినట్టు చిటపట చప్పుడు వినిపిస్తుంది. ఆ పని మానేసినా జబ్బు ముదరవచ్చు.

గుండె మీద భారం

గుండె కింది గదుల్లో, శరీరమంతటికీ రక్తం పంపే ఎడమ జఠరిక సుమారు 120 మి.మీ. పాదరసం ఒత్తిడితో పనిచేస్తే, ఊపిరితిత్తులకు పంపే కుడి జఠరికకు 25 దాకా చాలు. అందుకే దాని గోడ పలుచన. ఊపిరితిత్తులు మచ్చకట్టినప్పుడు వాటిలోని సన్నని రక్తనాళాలు కొన్ని మూసుకుపోతాయి. ఆక్సిజన్ తగ్గడంతో మిగిలినవి ముడుచుకుంటాయి. ఇరుకైన దారిలోంచి అంతే రక్తాన్ని తోయాలి కాబట్టి కుడి జఠరిక గోడ మందమవుతుంది, తర్వాత సాగిపోతుంది, చివరికి అలసిపోతుంది. వైద్యులు దీన్ని కార్ పల్మొనేల్ అంటారు. కాళ్ల వాపు, మెడ సిరలు ఉబ్బడం, కాలేయం పెరిగి కుడి డొక్కలో బరువు దీని గుర్తులు. జబ్బు గుండెలో కనిపిస్తున్నా దాని మొదలు ఊపిరితిత్తిలో ఉంటుంది. అరుదుగా గుండెను చుట్టి ఉండే పొర కూడా నేరుగా దెబ్బతిని, మందమై, గుండెను బిగించేస్తుంది.

ఊపిరితిత్తుల పై పొరలో గట్టి మచ్చలు ఏర్పడటం, నీరు చేరడం తరచుగా కనిపిస్తాయి. అదే పొరలో వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ మాత్రం ప్రాణాంతకం. ధూళి తగిలిన 20 నుంచి 50 ఏళ్ల తర్వాత కూడా అది రావచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పొగాకుతో కలిస్తే విపరీతంగా పెరుగుతుంది. అమెరికాలో బాయిలర్లకు, పైపులకు రాతినార పూత వేసే కార్మికులపై 1979లో వెలువడిన అధ్యయనంలో, ఈ రెండూ లేనివారితో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు రాతినార ధూళి ఒక్కటే ఉన్నవారిలో సుమారు 5 రెట్లు, పొగతాగడం ఒక్కటే ఉన్నవారిలో 11 రెట్లు, రెండూ ఉన్నవారిలో 50 రెట్లకు పైగా ఉన్నాయి.

రాచ్‌డేల్ నుంచి ఢిల్లీ దాకా

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో రాతినార నూలు వడికే కార్మికురాలు నెల్లీ కెర్షా 1924లో 33 ఏళ్లకే చనిపోయారు. ఆమె ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరీక్షించిన డాక్టర్ విలియం కుక్ ఆ ఏడాదే ఆ వివరాలు ప్రచురించారు. 1927లో జబ్బుకు ఆస్బెస్టోసిస్ అని పేరు పెట్టారు. బ్రిటిష్ ప్రభుత్వ వైద్యుడు మెరివెదర్ 363 మంది కార్మికులను పరీక్షించి, నలుగురిలో ఒకరికి పైగా ఈ జబ్బు ఉందని 1930లో నివేదించారు. మరుసటి ఏడాదే ధూళి నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 1960లో దక్షిణాఫ్రికా నీలి రాతినార గనుల ప్రాంతం నుంచి వచ్చిన పరిశోధన మీసోథీలియోమాతో సంబంధాన్ని బయటపెట్టింది. నేడు 50కి పైగా దేశాలు రాతినారను నిషేధించాయి. భారతదేశంలో 1986 నుంచి కొత్త గనులకు లీజులు ఆపేసినా, రేకుల కోసం తెల్ల రాతినార దిగుమతి సాగుతూనే ఉంది.

గుర్తింపు, నివారణ

ఈ జబ్బును క్షయగానో, ఆస్తమాగానో పొరబడటం సులువు. ఎక్స్‌రే, సీటీ స్కాన్, ఊపిరి సామర్థ్య పరీక్ష అవసరమే గానీ, వాటికి అర్థం చెప్పేది మాత్రం రోగి యవ్వనంలో ఏం పని చేశాడన్న ప్రశ్న. కట్టిన మచ్చను కరిగించే మందు లేదు. పొగతాగడం మానడం, ఫ్లూ, న్యుమోనియా టీకాలు, శ్వాస వ్యాయామాలు, అవసరమైతే ఆక్సిజన్ రోగికి ఊరటనిస్తాయి. ఆక్సిజన్ గుండె భారాన్నీ తగ్గిస్తుంది.

కాబట్టి అసలు వైద్యమంతా ధూళి లేవకుండా చూడటంలోనే ఉంది. పాత రేకును కోయకుండా, పగలగొట్టకుండా, తడిపి, ముక్కలు కాకుండా దించాలి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. సన్నని కణాలను ఆపే మాస్కు, ఆ పనికే వేరే బట్టలు ఉండాలి.

భారతదేశంలో ఆస్బెస్టోసిస్ చట్టం ప్రకారం అధికారులకు తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి. దానికి నష్టపరిహారం కోరవచ్చు. 1995లో సుప్రీంకోర్టు కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెబుతూ, రాతినార పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని ఆదేశించింది. ధూళికీ జబ్బుకీ మధ్య గడిచే కాలం అంత పొడవు. రోజుకూలీగా రేకులు కోసే మేస్త్రీకి అలాంటి రికార్డు ఏదీ ఉండదు గనుక, చేసిన పని ఏమిటో డాక్టరుకు అతడే చెప్పుకోవాలి.