రొయ్యపొట్టు కాదు, క్రిల్

మొన్న మధ్యాహ్నం ఏడో తరగతి అమ్మాయి టిఫిన్ డబ్బా తెరిచి, "మేడమ్, తిమింగలాలు తినే క్రిల్ ఇదేనా?" అని అడిగింది. డబ్బాలో ఉన్నది రొయ్యపొట్టు వేపుడు. ఇక్కడ సూరత్‌లో 'జవలా' అంటే అదే. మా అమ్మ వంకాయలో వేసి వండేది. ఎన్ని ఊళ్లకు బదిలీ అయినా ఆ వాసన మాత్రం నాతోనే వస్తోంది.

అది క్రిల్ కాదు, దూరపు చుట్టం. తేడా మొప్పల్లో ఉంది. రొయ్యకు మొప్పలు పెంకు కింద దాగి ఉంటాయి. క్రిల్‌కు కాళ్ల మొదట్లో కుచ్చుల్లా బయటికే కనిపిస్తాయి.

అంటార్కిటికా క్రిల్ ఎంత ఎదిగినా 6 సెంటీమీటర్లే. తిండి దొరకకపోతే ఒళ్లు కుదించుకుని 200 రోజులకు పైగా బతకగలదు. ఎప్పుడూ గుంపుగానే తిరుగుతుంది. గుంపు చిక్కగా ఉన్నచోట ఒక్క ఘనపు మీటరు నీటిలో 10,000కు పైగా ఉంటాయి. అంత గుంపులో ఏ ఒక్కదానికీ గురిపెట్టడం పెంగ్విన్‌కు కష్టం. నీలి తిమింగలానికి గురితో పనిలేదు, నోరు తెరిస్తే చాలు!

ఇవి పైనీళ్లలోనే జతకడతాయని చాలాకాలం అనుకున్నారు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త సో కవాగుచి బృందం సముద్రంలోకి కెమెరా దింపి చూస్తే, 400 నుంచి 700 మీటర్ల లోతున, అడుగునేలకు దగ్గరలో జతకడుతూ కనిపించాయి. ఆ వివరాలు 2011లో వెలువడ్డాయి. మగది ఆడదాన్ని తరుముతుంది, పట్టుకుంటుంది, ఒళ్లు వంచి చుట్టుకుంటుంది, చివరికి నెడుతుంది. ఈ మధ్యలోనే వీర్యపు సంచిని ఆడదానికి అంటిస్తుంది.

ఆడది ఒక్కో విడతలో వేల గుడ్లు పెడుతుంది. అవి మునుగుతూ మునుగుతూ వందల మీటర్ల కిందికి పోయి, ఆ చీకట్లో పగులుతాయి. పిల్లకు అక్కడ తిండి లేదు. గుడ్డులోంచి తెచ్చుకున్న సొనతోనే వారాల తరబడి పైకి ఈదాలి. సొన అయిపోయేలోగా చేరకపోతే అంతే.

పైకి చేరేసరికి చలికాలం దగ్గరపడుతుంది. చలికాలంలో పిల్లలకు ముఖ్యమైన ఆధారం సముద్రం మీద పేరుకున్న మంచు అడుగున పాకే నాచే. ఆ మంచు 2023 చలికాలంలో, 1979లో ఉపగ్రహ లెక్కలు మొదలైనప్పటి నుంచి ఎన్నడూ లేనంత తగ్గింది.

ఇదంతా విని ఆ అమ్మాయి, "మంచు లేకపోతే పిల్లలు ఏం తింటాయి మేడమ్?" అంది. డబ్బా అలాగే తెరిచి ఉంది.