కువైటు ప్రయాణమునకు ముందు

కర్నూలు జిల్లా పడమటి పల్లెలనుండి సుగ్గికై, అనగా కోతల కాలపు కూలికై, గుంటూరు మిరపచేలకు పోవు కుటుంబమునకు బస్సు టికెట్టు చాలును. కాని యదే అనావృష్టికిని, అదే యప్పులకును తాళలేక పాత కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట, కోడూరు ప్రాంతములనుండి కువైటునకు పోవు స్త్రీపురుషులు పాస్‌పోర్టు, వీసా, ఎమిగ్రేషన్ అనుమతి యను మూడు ద్వారములను దాటవలసియున్నది. 1961 వరకు మన రిజర్వు బ్యాంకు జారీచేసిన రూపాయలే చెలామణి యైన యా దేశము నేడును మనవారికి చిరపరిచితమే. ఆ పరిచయమే కాగితముల విషయమున ఏమరుపాటునకు కారణమగుచున్నది.

పాస్‌పోర్టుకొరకు దూరము పోనక్కరలేదు. కడప, కర్నూలు తపాలా కార్యాలయములలోనే సేవాకేంద్రములున్నవి. పెద్దలకు సాధారణ రుసుము 1500 రూపాయలు, కాలపరిమితి 10 సంవత్సరములు. అయితే పదవ తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టు సామాన్యముగా ‘ఈసీఆర్’, అనగా ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన, తరగతికి చెందును. అట్టివారు కువైటు మొదలగు 18 దేశములకు ఉద్యోగార్థము పోవునప్పుడు, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము ననుసరించి ప్రభుత్వానుమతి పొందవలెను. ఆ తరగతి స్త్రీలకు 30 ఏండ్లు నిండనిదే యనుమతి లభింపదు.

ఇక వీసా. ఇండ్లలో పనిచేయువారికి 20వ నెంబరు, అనగా ఖాదిం వీసా. కంపెనీలలో పనిచేయువారికి 18వ నెంబరు, అనగా షూన్ వీసా. వీసా యిప్పించిన కఫీలు, అనగా పూచీదారుడైన యజమాని, వద్ద గాక యెక్కడనైనను పనిచేసికొనవచ్చునని చెప్పి ‘ఆజాద్ వీసా’ పేర అమ్మబడునది చట్టసమ్మతము కాదు.

ఎమిగ్రేషన్ అనుమతిని వట్టి యడ్డంకిగా తలచి, విజిట్ వీసాపై పంపెదమను దళారి మాట నమ్మువారు తమ రక్షణను తామే వదలుకొనుచున్నారు. ఏలయన, ఆ యనుమతితో పోవువానికి వ్రాతమూలకమైన ఒప్పందమును, 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజనయు ఉండును. రిజిస్టరైన ఏజెంటు వానివద్ద పన్నుగాక 30,000 రూపాయలకు మించి సేవారుసుము పుచ్చుకొనరాదు. విజిట్ వీసాపై పోయి పనిలో చేరినవారికి వీనిలో నేదియు లేదు; జీతము రాకున్నను, దెబ్బలు తగిలినను, ఫిర్యాదు చేయబోయినచో తామే నేరస్థులుగా నిలువవలసివచ్చును.

పాస్‌పోర్టు మన చట్టప్రకారము భారత ప్రభుత్వపు సొత్తు. ఇంటిపనివారి పాస్‌పోర్టును యజమాని లాగికొని యుంచుకొనరాదని కువైటు వారి 2015 నాటి 68వ చట్టము నిషేధించుచున్నది. ఈ సంగతి మన యాడపడుచులలో నెందరికి తెలియును?

కావున చదువుకొన్న యువకులారా, మీ యూరినుండి ఎవరేని ప్రయాణమగుచున్నచో, విమానమెక్కుటకు ముందే వారి పాస్‌పోర్టు తరగతిని, వీసా నెంబరును, ఒప్పందములోని జీతమును చదివి చెప్పుడు. ఆ కాగితముల ప్రతులను వారి యింట భద్రపరుపుడు. ఇంతకంటె మీరు వారికి చేయగల యుపకారము లేదు.