మహానగర ప్రథమ దర్శనం

చిన్న ఊరి బిడ్డ మహానగరాన్ని మొట్టమొదట చూచినప్పుడు వాని మనస్సులో ఏమి జరుగుతుంది? ఉపాధ్యాయులమైన మనము ఈ ప్రశ్న వేసికొనుట అరుదు. భూగోళ పాఠంలో జనసంఖ్య చెప్పి ఊరుకొంటాము. ఆ జనసంఖ్యయే ఎదురై, భుజం రాచుకొని, వెనుదిరిగి చూడకుండా సాగిపోయినప్పుడు బిడ్డ పడే సంభ్రమం ఏ పాఠ్యపుస్తకంలోను లేదు.

కొన్నేండ్ల క్రిందట ధర్మవరం నుండి తొమ్మిదవ తరగతి పిల్లలను ఇరువదిమందిని బెంగుళూరు చూపించుటకు తీసికొనిపోయినాను. బండి ఎక్కకముందే ఒక నియమం పెట్టినాను. “తిరుగు ప్రయాణంలో మీరు ఒక్కొక్క పుట వ్రాయవలెను. నగరంలో మీ మనస్సుకు మొదట హత్తుకొన్నదేదో, అది మాత్రమే. ఒకరిది చూచి మరొకరు వ్రాయరాదు.” ఆ పుటలు నేటికీ నా పెట్టెలో భద్రంగా ఉన్నవి.

తెల్లవారుజామున బండి కదలినది. ఎర్రనేల, వేరుసెనగ చేలు, ఒకదానిమీద ఒకటి పేర్చినట్లున్న రాతిగుట్టలు వెనుకకు పోతున్నవి. పెనుకొండ స్టేషనులో బండి ఆగినప్పుడు పిల్లలందరూ కిటికీల వద్దకు చేరినారు. కొండమీద కోటగోడ కనబడుతున్నది.

“ఈ ఊరు నిజంగా రాజధానియేనా సార్?” అన్నాడొకడు. వాని కంఠంలో నమ్మకం లేదు.

నిజమేనని చెప్పినాను. 1565లో రక్కసి తంగడి యుద్ధంతో విజయనగరం పాడుపడినది. తిరుమలరాయలు రాజ్యలక్ష్మిని ఈ కొండక్రిందికి తీసికొనివచ్చినాడు. తరువాత రాజధాని చంద్రగిరికి తరలువరకు దక్షిణదేశపు చూపంతా ఈ ఊరిమీదనే. మనము చూడబోతున్న బెంగుళూరు కోటను కట్టించినవాడు విజయనగరపు సామంతుడైన కెంపేగౌడ. అది 1537వ సంవత్సరం. అనగా పెనుకొండకు సింహాసనం వచ్చిన నాటికి బెంగుళూరు ఇరువది యెనిమిదేండ్ల మట్టికోట! పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు. బండి కదలినది.

హిందూపురంలో పెట్టె క్రిక్కిరిసినది. బెల్లానికి, చింతపండుకు, పట్టుగూళ్ళకు పేరుపడిన వ్యాపారస్థలమది. అచ్చటినుండి బెంగుళూరు సుమారు నూరు కిలోమీటర్లు. ప్రొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగులు, మేస్త్రీలు, కూలీలు ఎక్కినారు. వారికి నగరం వింత కాదు; రోజుకూలి దొరకే తావు. గౌరీబిదనూరు వచ్చేసరికి పేరుపలకలు కన్నడంలోకి మారినవి. లిపులు అక్కచెల్లెండ్రు గనుక పిల్లలు కూడబలుకుకొని చదివివేసి సంతోషించినారు. పెట్టెలో మాటలు మాత్రం రెండు భాషలలోను కలిసి సాగుతూనే ఉన్నవి.

నగరంలో దిగినాము. మెజెస్టిక్ బస్సు నిలయం వద్ద వాహనాల హోరు చూచి, చిన్నవాడొకడు నా చొక్కా కొస పట్టుకొని వదలలేదు. కెంపేగౌడ కాలపు ధర్మాంబుధి చెరువు ఎండిపోగా, దాని కడుపులోనే ఈ బస్సు నిలయం వెలసినదని చెప్పినాను. ఇప్పుడు నగరం త్రాగే కావేరి జలం సుమారు నూరు కిలోమీటర్ల దూరం నుండి యంత్రాలు ఎత్తిపోయగా వస్తున్నది. “ఇంటి ముందరి చెరువును పూడ్చుకొని అంత దూరం నుండి నీళ్ళు తెచ్చుకొంటారా సార్?” అన్నది ఒక బాలిక. మా ధర్మవరం పిల్లలకు చెరువు అనగా ఏమో తెలియును. ఆ ప్రశ్నకు నేను నవ్వినాను గాని సమాధానం చెప్పలేదు.

మధ్యాహ్నానికి లాల్‌బాగు చేరినాము. 1760లో హైదరాలీ ప్రారంభించిన తోట అది. అందులోని పెద్ద బండమీద కెంపేగౌడ వంశీయులు కట్టించిన బురుజొకటి ఉన్నది. నగరానికి నాలుగు దిక్కులా నిలిపిన నాలుగు బురుజులలో అదియొకటి. ఊరు ఇంతవరకే పెరుగవలెనని నాటివారు గీసిన హద్దు అవి అంటారు. బండమీద నిలబడి చూచినాము. ఏ దిక్కునకు చూచినా మేడలే. హద్దు ఎప్పుడో నగరం నడుమ చిక్కుపడిపోయినది.

నాకు అక్కడ డొమింగో పేస్ జ్ఞాపకం వచ్చినాడు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతాన, విజయనగరాన్ని చూచిన పోర్చుగీసు యాత్రికుడతడు. అతడును ఇట్లే ఒక కొండ ఎక్కి చూచినాడు. కొండల సందులలో ఒదిగిన నగరమంతయు ఒక్క చూపుకు అందలేదు. కనబడినంతవరకే అది రోము నగరమంత యున్నదని వ్రాసినాడు. జనసంఖ్య వ్రాయుటకు మాత్రం వెనుదీసినాడు. వ్రాసినచో కట్టుకథ యనుకొంటారని అతని భయం. అతని వ్రాతను రాబర్టు సూయల్ 1900లో తన విజయనగర చరిత్రలో ఇంగ్లీషున ప్రకటించినాడు. ఆనాడు నోరు తెరచి చూచినవాడు పరదేశి. చూడబడినది మన నగరం. పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వారి నిలబడే తీరులోనే కొంత మార్పు కనబడినది.

సాయంకాలం చిక్కపేటలో నడిచినాము. ఇరుకు వీథి, రెండు ప్రక్కలా పట్టుచీరల అంగళ్ళు. ఒక అంగడి అద్దం ముందర మాలో ఒకడు నిలిచిపోయినాడు. వెనుకకు వచ్చి చూచితిని. లోపల రెండు వన్నెలు కలిసి మెరిసే చీర, వెడల్పైన జరీ అంచు.

“ఏం కావాల పిల్లోడా?” అన్నాడు అంగడివాడు.

“ఏం వద్దు. ఇది మా ఊరి నేత” అన్నాడు వాడు. తరువాత నావైపు తిరిగి, మెల్లగా, “మా నాయన నేసేది ఇట్లాంటిదే సార్. అమ్మ కండెలు చుడుతుంది” అన్నాడు.

బడిలో చేర్చుకొన్న నాడు తండ్రి వృత్తి అడిగితే “వ్యాపారం” అని చెప్పిన పిల్లవాడు వీడే. నేను అట్లే పట్టికలో వ్రాసికొంటిని. గుంట మగ్గంలో కాళ్ళు దించి, రోజుల తరబడి పడుగులో పేక నడిపే తండ్రి సంగతి వాడు ఎన్నడూ నోరెత్తి చెప్పినవాడు కాడు. సిగ్గు ఎవరు నేర్పినారో తెలియదు. బహుశః మేమే, మా పాఠాలే నేర్పియుండవచ్చును.

రాత్రి బండిలో పుటలు వ్రాసినారు. “మెట్లు నడుస్తున్నవి, మనుష్యులు నిలబడియున్నారు, అయినా అందరికీ తొందర” అని మెట్రో స్టేషనును గూర్చి ఒకడు. “ఇంతమంది యెదురైనా ఒక్కరూ మీది ఏ ఊరని అడుగలేదు” అని ఒక బాలిక. చిక్కపేటలో నిలిచినవాడు వ్రాసినది నాలుగే పంక్తులు. చీర ఎట్లున్నదో చెప్పినాడు. ధర వ్రాసినాడు, ఇంట్లో ముట్టే కూలి కూడ వ్రాసినాడు. చివర ఒక ప్రశ్న: “చీటీమీద అంగడి పేరు ఉన్నది. నేసినవారి పేరు ఎందుకు లేదు?”

ధర్మవరం పట్టుకు చట్టరీత్యా భౌగోళిక గుర్తింపు ఉన్నది; ఊరి పేరు నిలిచినది. వాడు అడిగినది మనిషి పేరు. దానికి నావద్ద సమాధానం లేదు.

అయితే అంతవరకు నాకు స్పష్టంగా తెలియనిదొకటి ఆ పుటలో కనబడినది. నగరాన్ని చూచుట అనగా దాని మేడల ఎత్తు కొలుచుట కాదు. ఆ వెలుగుకు, ఆ నీటికి, ఆ పట్టుకు చేయి ఎవరిదని అడుగుట. అట్లు అడిగినవాడు ఎంత పెద్ద నగరంలోను పరాయివాడు కాడు.

అర్ధరాత్రి బండి పెనుకొండలో ఆగినది. చీకటిలో కొండ నల్లగా ఉన్నది. అందరూ నిద్రలో ఉండగా వాడొక్కడే మేలుకొని యున్నాడు. వానికి పుట్టపర్తి నారాయణాచార్యులవారి సంగతి చెప్పినాను. ఈ ఊరిలో తిరుగుతూ బాల్యంలోనే “పెనుగొండ లక్ష్మి” కావ్యం వ్రాసినవారాయన. పెద్దయి విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే ఆయనకు పాఠ్యగ్రంథమై ఎదురైనది. వాడు చాలసేపు ఊరకున్నాడు.

“సార్, బడి పట్టికలో మా నాయన పని మార్చి వ్రాసుకోవచ్చునా?” అన్నాడు.

మరునాడు బడి తెరవగానే మొదట చేసిన పని అదే.