దగ్గర దారికి రెండు గంటలు ఎక్కువ

శంషాబాద్‌ ఎయిర్‌పోర్టులో ఆవకాయ అట్టపెట్టెకు మరో చుట్టు టేపు వేయిస్తూ పెద్దవాళ్లు అడిగేది ఒకటే: ‘ఎన్ని గంటలమ్మా?’ ఎన్ని కిలోమీటర్లని ఎవరూ అడగరు. మంచి పనే. ఆకాశంలో కిలోమీటర్లను నమ్ముకుంటే లెక్క తప్పుతుంది.

గోడ మీది ప్రపంచపటంలో హైదరాబాద్‌ నుంచి షికాగోకు స్కేలు పెట్టి గీత గీస్తే అది సహారా ఎడారి, అట్లాంటిక్‌ మీదుగా పోతుంది. గ్లోబు మీద అవే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. ఉత్తర ధ్రువానికి చేరువగా జారుకుంటుంది. ఆ దారమే అసలైన దగ్గర దారి, దాదాపు 13,300 కిలోమీటర్లు.

అయితే దగ్గర దారిలో వెళ్తే త్వరగా చేరతామా? ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే ఎయిరిండియా విమానం మొదట్లో అట్లాంటిక్‌ మీదుగానే వెళ్లేది. సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరు 16న దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్‌ మీదుగా పంపారు. దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది. ప్రయాణం మాత్రం రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది!

మహత్యం గాలిది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్‌ స్ట్రీమ్‌ పరుగులు తీస్తుంటుంది. పాత దారిలో గంటకు 24 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే, కొత్త దారిలో 138 కిలోమీటర్ల వేగంతో గాలే వెనక నుంచి తోసింది. కాలవగట్టు మీద సైకిలు తొక్కినవాళ్లకు ఇంతకుమించి చెప్పక్కర్లేదు. గంటకు 9,600 లీటర్ల ఇంధనం తాగే విమానానికి రెండు గంటలంటే ఎంత మిగులో చూసుకోండి.

ఈ గాలిని 1920ల్లోనే బెలూన్లు ఎగరేసి కొలిచినవాడు జపాన్‌ శాస్త్రవేత్త వసబురో ఓయిషి. ప్రపంచమంతా చదవాలని నివేదికను ఎస్పరాంటో భాషలో రాశాడు. పాపం, చదివినవాళ్లు బహు తక్కువ.

గాలి కలిసొచ్చినా పక్కదేశం కలిసిరావాలిగా! 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్‌ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం యూరప్‌లో దిగాల్సి వచ్చింది. గ్లోబు మీద దారం పొడవు అంగుళం కూడా మారలేదు.

మళ్లీ ఆ 2016 విమానం దగ్గరికే వస్తాను. 16వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో బయల్దేరి, దారిలో తేదీరేఖ దాటి 15లోకి వెనక్కెళ్లి, మళ్లీ 16 ఉదయం ఆరున్నరకు దిగింది. ఇక తిరుగు ప్రయాణం అట్లాంటిక్‌ మీదుగా, అంటే అదీ తూర్పుకే. వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ తిరిగి భూప్రదక్షిణ పుణ్యం కొట్టేశాడు. కాలిఫోర్నియాలో కూతురి పురుడు పోసి ఆ విమానాల్లో వచ్చిన అమ్మ నిజంగానే భూమి చుట్టేసి వచ్చింది. ఆమెను అడిగితే మాత్రం కాళ్లు వాచాయనే చెబుతుంది.