బిడ్డ తొడకు పడే తొలి సూది

కాన్పు అయిన కాసేపటికే నర్సమ్మ బిడ్డ తొడకు ఒక సూది వేస్తుంది. వరండాలో కాచుకుని ఉన్న అవ్వాతాతలు దాన్ని కూడా ఒక టీకా అనుకుంటారు. అది టీకా కాదు, విటమిన్ కె. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకూ దీన్ని వేయాలి. కిలో, అంతకు పైన బరువుంటే 1 మిల్లీగ్రాము, కిలో కన్నా తక్కువుంటే అర మిల్లీగ్రాము. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆసుపత్రులకూ, ఏఎన్‌ఎం కాన్పు చేసే ఉపకేంద్రానికీ ఇదే లెక్క.

రక్తం గడ్డకట్టడానికి కాలేయం తయారుచేసే ప్రోటీన్లలో నాలుగింటికి విటమిన్ కె తప్పనిసరి. వైద్యులు వాటిని 2, 7, 9, 10 అని నంబర్లతో పిలుస్తారు. కాల్షియంను పట్టుకునే గుణం వాటికి వచ్చేది ఈ విటమిన్ వల్లే. అది లేకపోతే ప్రోటీన్ తయారైనా పనిచేయదు. పెద్దవాళ్లకు ఆకుకూరల్లో దొరుకుతుంది. కడుపులోని బిడ్డకు మాయ దాటి చేరేది చాలా తక్కువ. బొడ్డుతాడు రక్తంలో ఉండేది తల్లి రక్తంలో ఉన్నదాంట్లో సుమారు ముప్పయ్యో వంతు. ఇక తల్లిపాలలో లీటరుకు 1 నుంచి 4 మైక్రోగ్రాములే. డబ్బాపాలలో కలిపి అమ్ముతారు కాబట్టి ఎక్కువ ఉంటుంది. తల్లిపాలను మించింది లేదని ఊరూరా చెప్పేవాళ్లకు ఇది కాస్త మింగుడుపడని సంగతే. అలాగని ఎవరూ డబ్బా కొనక్కర్లేదు, ఈ లోటు ఒక్క సూదితో తీరిపోతుంది. బాలింత మునగాకు, తోటకూర తింటే ఆమెకు మంచిదే కానీ, మామూలుగా తినే కూరతో పాలలోని ఈ కొరత తీరదు.

కొరత ఎక్కువైతే రక్తస్రావం. వారం లోపల బొడ్డు నుంచో, పేగుల నుంచో కారేది ఒక రకం. బోస్టన్ వైద్యుడు చార్లెస్ టౌన్‌సెండ్ 1894లోనే దీన్ని వర్ణించాడు. అసలు భయపడాల్సింది రెండో వారం నుంచి ఆరు నెలల లోపు వచ్చేదానికి. నిన్నటిదాకా పాలు తాగి ఆడుకున్న బిడ్డకు హఠాత్తుగా మెదడులో రక్తం కారుతుంది. సూది వేయకపోతే లక్ష మందిలో నలుగురి నుంచి ఏడుగురికి ఇలా జరగవచ్చని అంచనా. అంకె చిన్నదే కానీ, దెబ్బ పెద్దది. బతికిన బిడ్డల్లో కొందరికి జీవితాంతం ఫిట్స్, అవిటితనం మిగులుతాయి.

పుట్టిన 24 గంటల్లోనే వచ్చే రకం మరొకటుంది. తల్లి వాడే కొన్ని మందులు దానికి కారణం: ఫిట్స్ మందులు, రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్, క్షయకు వాడే రిఫాంపిసిన్, ఐసోనియజిడ్. క్షయ మాట మదనపల్లెకు కొత్తకాదు. ఊరి పక్క ఆరోగ్యవరంలో 1915 నాటి శానిటోరియం ఉంది. దాన్ని నిలబెట్టిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ దేశస్థుడు. కోడిపిల్లల మేతను మారుస్తూ విటమిన్ కె జాడ పట్టి, 1943 నోబెల్ బహుమతిని అమెరికన్ ఎడ్వర్డ్ డాయిజీతో పంచుకున్న హెన్రిక్ డామ్ కూడా ఆ దేశంవాడే. గర్భిణి పైన చెప్పిన మందులు వాడుతుంటే తనంతట తాను ఆపకూడదు. కాన్పు చేసే డాక్టరుకు ముందే చెప్పాలి.

ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు సూదెందుకనే ప్రశ్న తప్పేమీ కాదు. సూదుల మీద అనుమానం కొత్తదీ కాదు. మన దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా 1948లో మదనపల్లెలోనే మొదలైంది. 1955లో దాన్ని బాహాటంగా వ్యతిరేకించినవారిలో రాజాజీ అంతటి మనిషి ఉన్నారు. విటమిన్ కె మీదా ఒక భయం లేచింది. ఈ సూదికీ పిల్లల్లో క్యాన్సర్‌కూ సంబంధం ఉండొచ్చని 1992లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ పరిశోధకులు రాశారు. మరుసటి ఏడాది స్వీడన్‌లో 13 లక్షల పైచిలుకు పిల్లల వివరాలు తిరగేస్తే ఆ సంబంధం కనబడలేదు. తరవాతి పెద్ద అధ్యయనాలదీ అదే మాట.

నోటి చుక్కలు చాలవా? కొన్ని దేశాల్లో ఇస్తారు. కానీ వారాల తరబడి మరచిపోకుండా పలుమార్లు వేయాలి. కాలేయంలో పిత్తం సరిగా పారని బిడ్డకు అవి ఒంటబట్టవు, ఆ జబ్బు మొదట్లో బయటపడదు కూడా. మన మార్గదర్శకాల్లో ఉన్నది సూదే. సూది చోట కాస్త నొప్పి, వాపు మామూలు. ఇన్ని తెలిశాక, నా మటుకు నాకు వద్దనడానికి కారణం కనబడదు.

మన వైపు ఇంకో చిక్కుంది. కుప్పానికి ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. కాన్పు పుట్టింటి ఊళ్లో, తరవాతి వైద్యం అత్తింటి ఊళ్లో. అక్కడ ఏ సూది వేశారో ఇక్కడివాళ్లకు తెలియదు. మూడో వారంలో బిడ్డ ముక్కు నుంచి రక్తం కారినా, ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడినా, మొదటి రోజుల నల్ల దొడ్డి పోయాక మళ్లీ నల్లగా వెళ్లినా, మాడు ఉబ్బి పాలు తాగకుండా మగతగా పడున్నా, దిష్టి తీస్తూ కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. అక్కడ డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో విటమిన్ కె వేశారా అనేది ఒకటి. ఇంట్లోనో 108 బండిలోనో పుట్టిన బిడ్డకైతే ఆసుపత్రి చేరగానే అడిగి వేయించాలి. మీ ఇంట్లో కాన్పు జరిగితే, డిశ్చార్జి చీటీలో విటమిన్ కె అన్న మాట, పక్కన తేదీ ఉన్నాయో లేదో చూసుకున్నాకే ఇంటికి బయల్దేరండి.