కోనసీమ సేద్యంలో చిన్న ట్రాక్టరు

చిన్న ట్రాక్టరు అనగా సుమారు 15 నుండి 30 అశ్వశక్తి గల ఇంజనుతో, తక్కువ వెడల్పుతో, తక్కువ బరువుతో తయారయ్యే ట్రాక్టరు. దీనిని మినీ ట్రాక్టరు అని కూడా అంటారు. ఆంధ్ర ప్రదేశ్ లోని కోనసీమలో కొద్ది ఎకరాల భూమి గల రైతులు కొబ్బరి తోటలలో అంతరకృషికి, అరటి, కంద వంటి అంతర పంటల పనులకు, కొంతమేరకు వరి చేల దమ్ముకు దీనిని వాడతారు. ఈ ప్రాంతంలో ట్రాక్టరు ఎంపికను నిర్ణయించేది ఇంజను శక్తి ఒక్కటే కాదు. చెట్ల మధ్య దూరం, బురద లోతు, సంవత్సరంలో ఆ యంత్రానికి దొరికే పని గంటలు అంతకంటే ముఖ్యమైనవి.

ప్రాంత నేపథ్యం

కోనసీమ గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ గల డెల్టా భూభాగం. వైనతేయ పాయ అమలాపురం వైపు భాగాన్ని రాజోలు వైపు భాగం నుండి వేరు చేస్తుంది. 1852 లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత డెల్టాలో కాలువల క్రింద వరి సాగు విస్తరించింది. 2022 లో పూర్వపు తూర్పు గోదావరి జిల్లాను విభజించి, అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లాను ఏర్పాటు చేశారు.

నేలలు అన్నిచోట్లా ఒకే విధంగా ఉండవు. కొత్తపేట, రావులపాలెం వైపు నదీతీరపు ఒండ్రు నేలలలో, లంక భూములలో అరటి, కంద, కూరగాయలు పండిస్తారు. అమలాపురం పరిసరాలలోని బరువైన నేలలలో వరి, కొబ్బరి ప్రధాన పంటలు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు సముద్రతీరానికి దగ్గరైన కొద్దీ ఇసుక పాలు పెరుగుతుంది; కొన్నిచోట్ల చవుడు కూడా కలదు. అందువలన కొత్తపేట లంకలో చక్కగా పనిచేసిన యంత్రం అమలాపురం వరి చేలో కూడా అలాగే పనిచేస్తుందని చెప్పలేము.

కోనసీమలో వరిని సార్వా, దాళ్వా అనే రెండు కాలాలలో పండిస్తారు. 2011 లో ఇక్కడి రైతులు సార్వా పంటకు విరామం ప్రకటించి వేలాది ఎకరాలను బీడుగా వదిలివేశారు. గిట్టుబాటు ధర లేకపోవడం, సాగు ఖర్చులు పెరగడం, కూలీల కొరత ఇందుకు చెప్పబడిన కారణాలలో ముఖ్యమైనవి. ఈ విషయాన్ని పరిశీలించడానికి అప్పటి ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. కూలీల కొరతకు యంత్రమే పరిష్కారమనే అభిప్రాయం రైతులలో బలంగా ఉన్నది. అయితే తన భూమికి సరిపడని యంత్రాన్ని అప్పుచేసి కొన్న రైతుకు కూలి ఖర్చు స్థానంలో బ్యాంకు వాయిదా వచ్చి చేరుతుంది.

సాధారణ లక్షణాలు

చిన్న ట్రాక్టర్లలో ఎక్కువ వాటి బరువు సుమారు 650 నుండి 1000 కిలోల వరకు ఉంటుంది. 40 - 50 అశ్వశక్తి గల సాధారణ ట్రాక్టరు బరువు రెండు టన్నులకు అటూఇటూగా ఉంటుంది. చిన్న ట్రాక్టరు వెడల్పు సుమారు ఒక మీటరు నుండి 1.2 మీటర్లు. వెనుకనున్న మూడు బిందువుల లంకెకు పరికరాలను తగిలించి, హైడ్రాలిక్ లిఫ్టుతో పైకెత్తుతారు. రోటావేటరు వంటి తిరిగే పరికరాలకు శక్తినిచ్చే ఇరుసును పి.టి.ఓ. అంటారు. దీని సాధారణ వేగం నిమిషానికి 540 చుట్లు. ఇంజను శక్తి అంతా పి.టి.ఓ. వరకు చేరదు కనుక, పరికరాన్ని ఎంచుకునేటప్పుడు ఇంజను అశ్వశక్తిని కాక పి.టి.ఓ. అశ్వశక్తిని చూడాలి.

చిన్న ట్రాక్టర్లు రెండు చక్రాల చోదకంతోను, నాలుగు చక్రాల చోదకంతోను లభిస్తాయి. తడి నేలలో ముందు చక్రాలు కూడా లాగే రకానికి పట్టు ఎక్కువ. పొడి ఇసుక నేలలో తేలికైన అంతరకృషి మాత్రమే చేసే రైతుకు రెండు చక్రాల చోదకం సరిపోవచ్చును.

కొబ్బరి తోటలో

కొబ్బరి చెట్ల మధ్య సాధారణంగా 7.5 నుండి 8 మీటర్ల దూరం ఉంచుతారు. ఈ లెక్కన ఎకరాకు 63 నుండి 72 చెట్లు వస్తాయి. చెట్టును పోషించే వేళ్ళలో అధిక భాగం మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపలనే ఉంటాయి. వరుసకు రెండు ప్రక్కలా ఈ రెండు మీటర్లను వదిలివేస్తే, దున్నదగిన పట్టీ 3.5 నుండి 4 మీటర్లు మాత్రమే మిగులుతుంది. 1.2 మీటర్ల రోటావేటరుతో ఆ పట్టీని మూడు, నాలుగు సాళ్ళలో పూర్తి చేయవచ్చును.

ఖాళీ తోటలో పెద్ద ట్రాక్టరు కూడా వరుసల మధ్య నడుస్తుంది. ఇబ్బంది మలుపుల వద్ద, బోదెలు దాటే చోట, అంతర పంట ఉన్న చోట ఎదురవుతుంది. పాత తోటలలో చెట్లు తిన్నని వరుసలలో ఉండవు. అరటిని 1.5 నుండి 1.8 మీటర్ల ఎడంగా నాటిన తోటలో ఆకులు, గెలలు పెరిగిన తరువాత చిన్న ట్రాక్టరు కూడా పట్టదు. అటువంటి చోట పవర్ వీడరు లేదా పవర్ టిల్లరు మేలు. లేత తోటలలో మట్టలు క్రిందికి వాలి ఉంటాయి కనుక, పొగ గొట్టం నిలువుగా ఉన్న నమూనా కంటే ప్రక్కకు లేదా క్రిందికి ఉన్న నమూనా అనుకూలం.

కొబ్బరి తోటలో 10 - 15 సెంటీమీటర్లకు మించి లోతుగా దున్నడం మంచిది కాదు. గానోడెర్మా ఎండు తెగులు ఉన్న తోటలలో ఇది మరింత ముఖ్యం. ఈ శిలీంద్రం నేలలో ఉండి వేళ్ళ ద్వారా చెట్టుకు సోకుతుంది. దున్నినప్పుడు తెగిన వేళ్ళు దానికి ప్రవేశ మార్గాలవుతాయి, పరికరానికి అంటిన మట్టి దానిని ప్రక్క చెట్ల వద్దకు చేరుస్తుంది. తెగులు సోకిన చెట్ల చుట్టూ యంత్రాన్ని నడపకుండా వదిలివేయాలి. కొబ్బరి యాజమాన్యంపై అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం నుండి రైతులు సలహాలు పొందవచ్చును.

వరి చేలో

వరి దమ్ముకు నేలను నీటిలో కలియదున్ని మెత్తని బురదగా చేస్తారు. ఈ బురద క్రింద సుమారు 15 - 20 సెంటీమీటర్ల లోతున గట్టి పొర ఏర్పడుతుంది. నీరు క్రిందికి ఇంకకుండా ఆపేది, యంత్రం బరువును మోసేది ఈ పొరయే. బరువైన ట్రాక్టర్లు ఏటా రెండు పంటలకూ దిగితే ఈ పొర దెబ్బతిని బురద లోతు పెరుగుతుంది. ఈ దృష్టితో తేలికైన ట్రాక్టరు మేలైనది. అయితే దాని చక్రాలు చిన్నవి, అడుగుభాగం నేలకు దగ్గరగా ఉంటుంది. బురద లోతు ఎక్కువైతే గేర్ల పెట్టె అడుగు బురదకు తగిలి ట్రాక్టరు దిగబడిపోతుంది. ఒక కర్రను చేలో గుచ్చి గట్టి పొర ఎంత లోతున తగులుతుందో కొలిచి, ఆ కొలతను ట్రాక్టరు అడుగు ఎత్తుతో పోల్చడం సులభమైన పరీక్ష.

దమ్ములో వెనుక చక్రాలకు ఇనుప దమ్ము చక్రాలను తగిలిస్తారు. వీటితో తారు, సిమెంటు రోడ్లపై నడపరాదు. కనుక చేను రోడ్డుకు ఎంత దూరంలో ఉన్నది, చక్రాలను ఎక్కడ మార్చాలి అన్నవి కూడా ముందుగా ఆలోచించాలి. లోతైన బురద గల చిన్న మడులకు పవర్ టిల్లరు ఇప్పటికీ ప్రత్యామ్నాయమే. నడిపేవాడికి శ్రమ ఎక్కువైనా, దీని ధర తక్కువ, గట్లు దాటించడం తేలిక.

పరికరాలు

* రోటావేటరు: 20 - 25 అశ్వశక్తి ట్రాక్టరుకు 1 నుండి 1.2 మీటర్ల వెడల్పు సరిపోతుంది. చక్రాల జాడలు చెరిగిపోయేటట్లు ట్రాక్టరు వెడల్పుకు తగ్గకుండా ఉండాలి. ఇసుక నేలలో కత్తులు త్వరగా అరుగుతాయి.
* గొర్రు: ఐదు కర్రుల గొర్రు చిన్న ట్రాక్టరుకు అనువైనది. తోటలలో దీనిని పైపైన మాత్రమే వాడాలి.
* బోదెలు తీసే పరికరం: కంద, పసుపు, కూరగాయల సాగుకు పనికివస్తుంది.
* గుంటలు తవ్వే యంత్రం: అరటి గుంటలకు పనికివస్తుంది. కొబ్బరి మొక్కకు సిఫారసు చేసే మీటరు పొడవు, వెడల్పు, లోతు గల గుంటను ఇది తవ్వలేదు.
* మట్టలను ముక్కలు చేసే యంత్రం: కొబ్బరి చెట్టు సుమారు నెలకొక మట్టను రాలుస్తుంది. ఎకరాకు ఏటా 750 నుండి 850 వరకు మట్టలు వస్తాయి. వాటిని ముక్కలుచేసి నేలపై పరిస్తే తేమ నిలుస్తుంది, తగులబెట్టే పని ఉండదు. ముక్కలను కుప్పగా వేసి కుళ్ళనిస్తే కొమ్ము పురుగు పెరుగుతుంది.
* పిచికారి యంత్రం: 2016 తరువాత కోస్తా తోటలలో వ్యాపించిన సర్పిలాకార తెల్లదోమ తీవ్రతను తగ్గించడానికి ఆకుల అడుగున నీటిని వేగంగా కొట్టడం ఒక పద్ధతి. ఎత్తైన చెట్లకు నీరు అందేటంత ఒత్తిడి గల పంపు అవసరం.
* ట్రక్కు: కాయలు, గెలలు, ఎరువులు చేరవేయడానికి. చిన్న ట్రాక్టరుకు టన్ను నుండి టన్నున్నర వరకు బరువు గల ట్రక్కు తగినది.

అన్నింటినీ ఒకేసారి కొనడం అవసరం లేదు. రోటావేటరు, ట్రక్కులతో మొదలుపెట్టి, ఏడాదికి కొద్ది రోజులు మాత్రమే వాడే గుంటల యంత్రం వంటివాటిని అద్దెకు తెచ్చుకోవడం పొదుపు.

కొన్ని నమూనాలు

దేశంలో పేరున్న చిన్న ట్రాక్టర్లలో ఒక సిలిండరు గల 15 అశ్వశక్తి మహీంద్రా యువరాజ్ 215, 18.5 అశ్వశక్తి వి.ఎస్.టి. శక్తి ఎం.టి. 180డి, 24 అశ్వశక్తి కుబోటా నియోస్టార్ బి2441, 2017 లో వచ్చిన మహీంద్రా జీవో శ్రేణి, 28 అశ్వశక్తి జాన్ డీర్ 3028 ఇ.ఎన్. ఉన్నాయి. మహీంద్రా సంస్థ 2023 ఆగస్టు 15 న ప్రకటించిన ఓజా శ్రేణి ట్రాక్టర్లు తెలంగాణ లోని జహీరాబాదు కర్మాగారంలో తయారవుతాయి. పవర్ టిల్లర్లలో వి.ఎస్.టి. శక్తి, కేరళ ప్రభుత్వ రంగానికి చెందిన కామ్‌కో పేరొందినవి.

మధ్య ప్రదేశ్ లోని బుద్నీలో గల కేంద్ర సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలను వెలువరిస్తుంది. పి.టి.ఓ. శక్తి, డీజిలు వాడకం, లిఫ్టు సామర్థ్యం వంటి వివరాలు ఆ నివేదికలలో ఉంటాయి. ప్రకటనల కంటే ఇవి నమ్మదగినవి.

కొనడమా, అద్దెయా

1.2 మీటర్ల రోటావేటరు గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడిస్తే, మలుపులకు పోయే సమయాన్ని తీసివేయగా, ఎకరాను ఒకసారి దున్నడానికి సుమారు గంటన్నర పడుతుంది. ఐదు ఎకరాల వరి చేనును సార్వాకు మూడు సార్లు, దాళ్వాకు మూడు సార్లు దున్నితే సంవత్సరానికి 45 గంటల పని అవుతుంది.

ఉదాహరణకు ట్రాక్టరు ధర 5 లక్షల రూపాయలు, వాడే కాలం 10 ఏళ్ళు, చివరకు వచ్చే విలువ 50 వేలు అనుకొంటే, ఏటా తరుగుదల 45 వేలు. సగటు పెట్టుబడిపై 10 శాతం వడ్డీ 27,500, బీమా మొదలైనవి 7,500 అనుకొంటే, యంత్రం కదలకపోయినా ఏడాదికి 80 వేల ఖర్చు తప్పదు. అద్దె ధరకు, స్వంత ట్రాక్టరు నడిపే ఖర్చుకు మధ్య గంటకు 600 రూపాయల తేడా ఉంటే, ఆ 80 వేలు రాబట్టడానికి సుమారు 133 గంటల పని కావాలి. దమ్ము పనితోనే ఈ లెక్క తీరాలంటే సుమారు 15 ఎకరాల వరి ఉండాలి. ధరలు మారినా లెక్క వేసే పద్ధతి ఇదే.

కనుక ఐదు ఎకరాల రైతుకు చిన్న ట్రాక్టరు గిట్టుబాటు కావాలంటే తోట పనులు, రవాణా, ఇరుగుపొరుగు రైతుల పనులు కలిసి రావాలి. వరి మాత్రమే పండించే రైతుకు అద్దె మేలు. ఏడాదికొకసారి ఒప్పందం మారే కౌలు రైతుకు పదేళ్ళ యంత్రంపై పెట్టుబడి మరింత ప్రమాదకరం. నలుగురైదుగురు రైతులు కలిసి కొనడం మరొక మార్గం. దమ్ము అందరికీ ఒకే వారంలో పడుతుంది కనుక, ఎవరి చేను ముందు అన్నది కొనకముందే వ్రాసుకోవడం మంచిది. 2022 జూన్ లో రాష్ట్ర ప్రభుత్వం యంత్ర సేవా పథకం క్రింద రైతు బృందాలకు ట్రాక్టర్లను, కోత యంత్రాలను అందజేసింది. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై వస్తు సేవల పన్ను 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. రాయితీల నియమాలు ఏటా మారుతుంటాయి కనుక మండల వ్యవసాయ అధికారిని సంప్రదించాలి.

జాగ్రత్తలు

కొనేముందు ట్రాక్టరును స్వంత తోటలో, స్వంత చేలో నడిపించి చూడాలి. విడిభాగాలు, మెకానిక్కు అమలాపురం, రావులపాలెం వంటి దగ్గరి పట్టణాలలో దొరకడం ముఖ్యం. దమ్ము రోజులలో వారం ఆగితే అదను తప్పుతుంది. లంక భూములకు పంటుపై దాటించవలసి ఉంటే బరువును, దారిని ముందే చూసుకోవాలి. తీర మండలాలలో ఉప్పుగాలి వలన ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. దమ్ము తరువాత మంచినీటితో కడిగి, గ్రీజు పెట్టి, ఇరుసుల సీళ్ళను పరీక్షించాలి.

వెడల్పు తక్కువైన ట్రాక్టరు కాలువ గట్లపై సులభంగా ఒరిగిపోతుంది. ప్రత్యేకించి నిండు ట్రక్కుతో గట్టు అంచున మలుపు తిప్పరాదు. పి.టి.ఓ. ఇరుసుపై తొడుగు లేకుండా నడపరాదు. పంచె, చీర, తువ్వాలు చుట్టుకొని ప్రాణాపాయం కలుగుతుంది. రోటావేటరులో చిక్కిన గడ్డిని ఇంజను ఆపిన తరువాతనే తీయాలి. మడ్గార్డులపైన, ట్రక్కులోను మనుషులను ఎక్కించరాదు. రాత్రివేళ రోడ్డుపై నడిచే ట్రక్కు వెనుక మెరిసే పట్టీలు తప్పక ఉండాలి.