ఓడిపోతున్న జట్టుకు అండగా నిలబడడం ఎలా?

గెలిచిన జట్టును మెచ్చుకోవడానికి ఎవరూ నేర్పనక్కరలేదు. చప్పట్లు వాటంతట అవే వస్తాయి. కష్టమంతా వరుసగా ఓడిపోతున్న జట్టుతోనే. మన అబ్బాయో, అమ్మాయో కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఆడుతూ ప్రతి వారం తల వంచుకుని ఇంటికి వస్తుంటే ఏం మాట్లాడాలో తెలియదు. ఓదారిస్తే చిరాకు పడతారు, ఊరుకుంటే పట్టించుకోలేదనుకుంటారు.

ఇది ఆటకు సంబంధించిన విషయమే కదా, ఆరోగ్య పత్రికలో ఎందుకు అని మీరు అడగవచ్చు. ఓటమి నిద్రను, ఆకలిని, గుండెను, మనసును తాకుతుంది. ఆడేవారినే కాదు, చూసేవారినీ తాకుతుంది. అందుకే ఈ విషయాన్ని వివరంగా చూద్దాం. దీనికి అమెరికాలోని ఒక కాలేజీ టీమ్ కథను ఉదాహరణగా తీసుకుందాం. మన తెలుగు పిల్లలు ఎందరో చదువుకోవడానికి వెళ్లే దేశం కాబట్టి ఆ కాలేజీ పేరు మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

26 సంవత్సరాల ఓటమి

కాలిఫోర్నియా రాష్ట్రంలోని పాసడీనా పట్టణంలో కాల్‌టెక్ అనే సంస్థ ఉంది. సైన్సు, ఇంజనీరింగు చదువులకు ప్రపంచంలోనే పేరు పొందినది. నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్తలు అక్కడ పాఠాలు చెప్పారు. కానీ ఆ కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్ టీమ్ మాత్రం చాలా కాలం ఓటమికి మారుపేరుగా ఉండేది.

అమెరికాలో దగ్గర దగ్గరగా ఉన్న కాలేజీలు ఒక కూటమిగా ఏర్పడి ప్రతి ఏటా ఒకదానితో ఒకటి ఆడతాయి. కాల్‌టెక్ తన కూటమిలో 1985 జనవరిలో ఒక మ్యాచ్ గెలిచింది. ఆ తరువాత 26 సంవత్సరాల పాటు కూటమిలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. వరుసగా 310 ఓటములు! మొదటి ఓటమి నాటికి పుట్టని పిల్లలు పెద్దవారై, ఆ టీమ్‌లో చేరి, ఓడి, చదువు ముగించుకుని వెళ్లిపోయారు.

కారణం తెలిసినదే. అక్కడ ఆటలో ప్రతిభ చూసి సీటు గానీ, స్కాలర్‌షిప్పు గానీ ఇవ్వరు. టీమ్‌లో చేరిన వారిలో చాలామంది హైస్కూలు టీమ్‌లో కూడా ఆడినవారు కాదు. పగలంతా క్లాసులు, ల్యాబులు. ఆ తరువాతే ప్రాక్టీసు. అర్ధరాత్రి వరకు హోంవర్కు. అయినా ప్రతి ఏటా టీమ్ తయారయ్యేది, ప్రతి ఏటా కోర్టులోకి దిగేది.

2002లో రాయ్ డౌ అనే కోచ్ వచ్చారు. గెలుపు దూరంగా ఉందని ఆయనకు తెలుసు. ఆయన కాలంలో టీమ్ భారీ తేడాతో చిత్తుగా ఓడడం తగ్గి, చివరి నిమిషాల వరకు పోటీ ఇచ్చే మ్యాచ్‌లు వచ్చాయి. 2007 జనవరి 6న న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన బార్డ్ కాలేజీ మీద 81-52 తేడాతో గెలిచారు. తమ స్థాయి కాలేజీల మీద వరుసగా 207 ఓటముల తరువాత వచ్చిన గెలుపు అది. బార్డ్ వారి కూటమిలోని కాలేజీ కాదు కాబట్టి కూటమిలో ఓటముల లెక్క మాత్రం ఆగలేదు.

2008లో ఆలివర్ ఎస్లింగర్ కోచ్‌గా వచ్చారు. ఆయన క్రీడా మనస్తత్వ శాస్త్రం చదివినవారు. 2011 ఫిబ్రవరి 22న, సీజన్ చివరి మ్యాచ్‌లో, సొంత కోర్టులో ఆక్సిడెంటల్ కాలేజీతో ఆట. ఇంకా 3.3 సెకన్లు ఉన్నాయనగా రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. చివరి సంవత్సరం విద్యార్థి రయన్ ఎల్మ్‌క్విస్ట్‌కు ఫ్రీ త్రో దొరికింది. బంతి బుట్టలో పడింది. 46-45. ప్రేక్షకులు కోర్టులోకి పరుగెత్తారు.

ఈ కథలో మనం గమనించవలసినది ఆ చివరి 3.3 సెకన్లు కాదు, అంతకు ముందు ఓడిన 310 మ్యాచ్‌లు. ఆ ఆటగాళ్లలో ఎక్కువమంది కూటమిలో ఒక్క గెలుపు కూడా చూడకుండానే కాలేజీ వదిలారు. వారి శ్రమ వృథా అయిందా? లేదు. వారు ప్రతి ఏటా టీమ్‌ను బతికించకపోతే 2011లో ఆ ఫ్రీ త్రో వేయడానికి టీమే ఉండేది కాదు.

ఓటమి ఆటగాడిని ఏం చేస్తుంది?

పోటీ సమయంలో శరీరం ఎడ్రినలిన్, కార్టిజాల్ వంటి హార్మోన్లను విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఆట ముగిశాక ఇవి మెల్లగా తగ్గాలి. కానీ ఓడినవారు తాము చేసిన పొరపాట్లనే మళ్లీ మళ్లీ తలచుకుంటూ ఉంటే శరీరం కుదుటపడడం ఆలస్యమవుతుంది. అందుకే ఓడిన రాత్రి నిద్ర పట్టదు. నిద్ర లేని శరీరం మరునాడు మందంగా కదులుతుంది. ఆట ఇంకా దెబ్బతింటుంది. ఇది ఒక విషవలయం.

రెండవ ప్రమాదం, నొప్పిని దాచుకోవడం. బాస్కెట్‌బాల్‌లో ఎక్కువగా కనిపించే దెబ్బ చీలమండ బెణుకు. "ఇప్పటికే ఓడుతున్నాం, నేను కూడా కూర్చుంటే ఎలా?" అని పిల్లలు బెణికిన కాలితోనే ఆడతారు. బెణుకు పూర్తిగా మానకుండా ఆడితే అదే కాలు మళ్లీ బెణికే అవకాశం పెరుగుతుంది. బెణికిన వెంటనే ఆట ఆపి, గుడ్డలో చుట్టిన ఐసు 15 నుండి 20 నిమిషాలు పెట్టాలి. క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే అవసరం కావచ్చు. తలకు దెబ్బ తగిలి తల తిరగడం, వాంతులు, మతిమరపు, చూపు మసకబారడం ఉంటే ఆ రోజు మళ్లీ కోర్టులోకి పంపకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకు రావాలి.

చూసేవారి మాటేమిటి?

అమెరికాలో రాబర్ట్ చియాల్దీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1976లో ఒక ఆసక్తికరమైన విషయం ప్రచురించారు. కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ శనివారం గెలిస్తే, సోమవారం క్లాసుకు కాలేజీ పేరున్న దుస్తులు వేసుకువచ్చే విద్యార్థులు ఎక్కువయ్యారు. మాటల్లోనూ తేడా కనిపించింది. గెలిస్తే "మనం గెలిచాం". ఓడితే "వాళ్లు ఓడారు". మన ఊళ్లలోనూ ఇదే కదా జరిగేది! గెలిస్తే మనవాడు, ఓడితే ఎవరి కొడుకో.

ఓడిన ఆటగాడిని అన్నిటికంటే బాధించేది ఈ "వాళ్లు" అనే మాట. ఇంటిలోని వారు కూడా "మీ టీమ్ ఇంతే" అంటే అది పుండు మీద కారం చల్లినట్టే. ఓడిన రోజు కూడా "మన టీమ్" అనగలగడం అండగా నిలబడడంలో మొదటి మెట్టు.

అయితే ఆటను మరీ ఎక్కువగా మనసుకు పట్టించుకోవడం కూడా మంచిది కాదు. 2006లో జర్మనీలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతంలో వైద్యులు ఒక పరిశీలన చేశారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో గుండెకు సంబంధించిన అత్యవసర కేసులు మామూలు రోజుల కంటే 2.66 రెట్లు వచ్చాయి. ఈ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. అంతకు ముందే గుండె జబ్బు ఉన్నవారికి ప్రమాదం మరీ ఎక్కువగా కనిపించింది.

కాబట్టి బీపీ, గుండె జబ్బు ఉన్న తల్లిదండ్రులు, తాతయ్యలు మ్యాచ్ రోజున ఈ జాగ్రత్తలు తీసుకోవాలి.

- మందులు వేళకు వేసుకోండి. మ్యాచ్ హడావిడిలో మరచిపోకండి.
- ఉప్పు ఎక్కువగా ఉన్న చిరుతిళ్లు తగ్గించండి. సిగరెట్, మద్యం జోలికి పోకండి.
- మధ్య విరామంలో లేచి నాలుగు అడుగులు నడవండి, మంచినీళ్లు తాగండి.
- ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే ఆట ముగిసేదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఎలా అండగా ఉండాలి?

1. వెళ్లి కూర్చోండి. ఓడతారని తెలిసిన మ్యాచ్‌కు వెళ్లడమే అసలైన అండ. ఆటగాడు తల ఎత్తి చూసినప్పుడు తెలిసిన ముఖం కనిపించాలి. మీరు ఏమీ చెప్పనక్కరలేదు.

2. స్కోరు కాకుండా వేరే కొలత వెతకండి. కిందటిసారి 30 పాయింట్ల తేడాతో ఓడినవారు ఈసారి 12 పాయింట్లతో ఓడితే అది ముందడుగు. ఫ్రీ త్రోలు ఎన్ని పడ్డాయి, బంతి ఎన్నిసార్లు చేజారింది, పడిపోయిన సహచరుడిని ఎవరు లేపారు - ఇవన్నీ కొలవదగినవే.

3. మొదటి గంట మాట తగ్గించండి. ఆట ముగిసిన వెంటనే సలహా చెవికి ఎక్కదు. "నాన్నా, ఆకలిగా ఉందా? రా, తిందాం" అనండి, చాలు. అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు, ఒక అరటిపండు అలసిన కండరాలకు మంచి ఆహారం. చెమట ఎక్కువ పోతుంది కాబట్టి నీళ్లు, మజ్జిగ ఇవ్వండి.

4. నిద్రను కాపాడండి. ఈ వయసు పిల్లలకు రాత్రికి కనీసం ఏడెనిమిది గంటల నిద్ర కావాలి. ఓడిన మ్యాచ్ వీడియోను అర్ధరాత్రి ఫోనులో చూడనివ్వకండి. అది రేపు పగలు చూడవచ్చు.

5. నిజం చెప్పండి. బాగా ఆడకపోతే "అద్భుతంగా ఆడావు" అనకండి. పిల్లలకు అబద్ధం తెలిసిపోతుంది. "ఈ రోజు కష్టంగా గడిచింది. అయినా చివరిదాకా పరుగెత్తడం మానలేదు, అది చూశాను" అనండి. "నువ్వు ఆడుతుంటే చూడడం మాకు సంతోషం" అనే మాట గెలిచినా ఓడినా నిజమే.

అనకూడని మాటలు

- "మళ్లీ ఓడారా?"
- "ఆటలు మానేసి చదువుకో."
- "ఫలానా వారి అబ్బాయిని చూడు."
- "అంతా కోచ్ తప్పే." (ఇంటిలో కోచ్‌ను తిడితే పిల్లవాడు ప్రాక్టీసులో ఎవరి మాట వినాలి?)
- "ఆటే కదా, దానికి ఏడుపెందుకు?" (మీకు ఆటే. వారికి సంవత్సరం శ్రమ.)

ఎప్పుడు డాక్టరును కలవాలి?

ఓడిన తరువాత రెండు మూడు రోజులు దిగులుగా ఉండడం సహజం. కానీ ఈ కింది లక్షణాలు రెండు వారాలకు మించి ఉంటే నిర్లక్ష్యం చేయకండి.

- ఆట మీదే కాక ఇష్టమైన వేటి మీదా ఆసక్తి లేకపోవడం
- నిద్ర పట్టకపోవడం, లేదా ఎప్పుడూ నిద్రపోవడం
- తిండి తగ్గి బరువు పడిపోవడం
- స్నేహితులను తప్పించుకు తిరగడం, చదువు మీద మనసు నిలపలేకపోవడం
- "నా వల్లే అంతా పాడైంది, నేను దేనికీ పనికిరాను" అని పదే పదే అనడం

చనిపోవాలనే మాట ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకూడదు. ఒంటరిగా వదలకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు రాత్రీ పగలూ ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మానసిక వైద్యుడిని కలవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. బెణికిన కాలికి కట్టు కట్టించుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

రోగులకు కూడా ఇదే మాట

మా వార్డుల్లో ఉన్నవారికి ఈ కథ ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది. పక్షవాతం తరువాత చేయి ఎత్తడం నేర్చుకుంటున్నవారికి, నెలల తరబడి షుగరు అదుపులోకి రానివారికి ఓడిపోతున్న సీజన్ అంటే ఏమిటో తెలుసు. అక్కడా కొలత ఒక్కటే కాదు. నిన్న రెండు వేళ్లు కదిలితే ఈ రోజు మూడు కదిలాయా? పక్కన కూర్చునే బంధువుల పని కూడా అదే: రావడం, కూర్చోవడం, చిన్న మార్పును గమనించి చెప్పడం.

చివరిగా, బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన మనిషి గురించి ఒక మాట. జేమ్స్ నైస్మిత్ కెనడాలో పుట్టి, వేదాంత విద్య చదివి, 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో పండ్ల బుట్టలు వేలాడదీసి ఈ ఆటను మొదలుపెట్టారు. 1898లో డాక్టరు పట్టా కూడా పొందారు. అదే సంవత్సరం కేన్సస్ యూనివర్సిటీకి వెళ్లి 1907 వరకు టీమ్‌కు కోచ్‌గా ఉన్నారు. ఆయన లెక్క 55 గెలుపులు, 60 ఓటములు. ఆ యూనివర్సిటీ పురుషుల టీమ్ కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువ ఉన్నది, ఆటను కనిపెట్టిన ఆయనకు ఒక్కరికే! అయినా ఈనాటికీ అక్కడి కోర్టుకు ఆయన పేరే ఉంది.

మీ ఇంటి ఆటగాడు వచ్చే వారం మళ్లీ ఓడిపోవచ్చు. వెళ్లి ముందు వరుసలో కూర్చోండి. ఇంటికి వచ్చేసరికి అన్నం వేడిగా ఉండేలా చూడండి.